నూకరత్నానికి సన్మానం

అనకాపల్లిలో భార్యను నోరారా పొగడటమే తప్ప ఆమె చేతిలో పని ఒక్కటీ అందుకోని గవర్రాజు అనే బెల్లం వ్యాపారి ఉండేవాడు.

అతనికి పైడితల్లి అని ఒక్కతే కూతురు. పద్నాలుగేళ్లు వచ్చినా ఆ పిల్లకు బుద్ధి మూడేళ్ల దగ్గరే ఆగిపోయింది. అన్నం కలిపి పెట్టాలి. స్నానం చేయించాలి. గుమ్మం దాటకుండా కనిపెట్టుకుని ఉండాలి. కోపం వస్తే తల గోడకేసి కొట్టుకునేది. ఇదంతా తల్లి నూకరత్నమే చూసుకునేది. "మా రత్నానిది భూదేవంత ఓర్పు" అని గవర్రాజు బజారంతా చెప్పుకునేవాడు. చెప్పడానికి ఖర్చేముంది.

ఒకనాడు నూకరత్నం, "ఒక్క ఆదివారం దీన్ని మీరు సూసుకోండి. మా అక్క ఇంటికెల్లి పడుకుంటాను. ఇంకేటీ అక్కర్లేదు నాకు" అంది.

"నీకున్న ఓర్పు నాకెక్కడుంది? నువ్వు దేవతవే రత్నం" అన్నాడు గవర్రాజు.

ఆమె మళ్లీ అడగలేదు. గవర్రాజుకు మాత్రం మనసులో ఎక్కడో గుచ్చుకుంది. భార్యకు ఏదైనా చేయాలనుకున్నాడు. బాగా ఆలోచించి, బెల్లం వర్తకుల సంఘం వార్షికోత్సవంలో ఆమెకు సన్మానం పెట్టించాడు. మహానుభావుడు.

వేదిక మీద శాలువా కప్పారు. 'ఆదర్శ మాతృమూర్తి' అని రాసిన జ్ఞాపిక చేతిలో పెట్టారు. సంఘం అధ్యక్షుడు అరగంట మాట్లాడి మైకు ఆమెకిచ్చాడు. అప్పటికే పైడితల్లి తల్లి కొంగు పట్టుకుని లాగుతోంది.

"నాను దేవతను కాదు. నాకు ఓపిక అయిపోయింది" అంది నూకరత్నం. "ఒక్కోసారి ఇది పుట్టకపోతే బాగుణ్ణనిపిస్తాది. అలా అనిపించినందుకు మళ్లీ నానే ఏడుస్తాను. వారానికి ఒక్క పూట ఎవరైనా దీన్ని సూత్తే, నాను పడుకుంటాను."

అధ్యక్షుడు మైకు తీసుకుని, "చూశారా, ఎంత వినయమో" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు బెదిరి పైడితల్లి కేకలు పెట్టింది. నూకరత్నమే ఆ పిల్లను పొదివి పట్టుకుని మెట్లు దించింది. సాయానికి ఒక్కరూ లేవలేదు. గవర్రాజు ముందు వరుసలో కూర్చుని గర్వంగా కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆమెకు మాట తగ్గింది, తిండి తగ్గింది. గవర్రాజు దాన్నీ ఓర్పు కిందే జమకట్టాడు. శ్రావణమాసంలో ఒక పొద్దున కూతురు ఆకలికి ఏడుస్తూ తల గోడకేసి కొట్టుకుంటున్నా నూకరత్నం మంచం దిగలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. పిల్లవైపు తిరగలేదు.

గవర్రాజు మొదటిసారి కూతురికి అన్నం కలిపాడు. ముద్ద ఎంత చేయాలో అతనికి తెలియదు. పిల్ల ఉమ్మేసింది, చేయి కొరికింది. మధ్యాహ్నానికే అతను నేల మీద కూలబడి ఏడ్చాడు. అది ఒక్క పూట పనే.

భార్యను ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు, "ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?" అని అడిగాడు. గవర్రాజు కూతురి సంగతి చెప్పబోయాడు.

"అమ్మాయి గురించి కాదండీ. మీ ఆవిడ గురించి అడుగుతున్నాను" అన్నాడు డాక్టరు.

గవర్రాజు వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టబోయాడు. అతనికి తెలియదు.

ఇప్పుడతను దుకాణం సగం పూటే తెరుస్తాడు. "పిల్లను నాను సూసుకుంటాను. నువ్వు పడుకో రత్నం" అని రోజూ అంటాడు. ఆమె పడుకునే ఉంటుంది. నిద్ర మాత్రం రాదు. కోలుకోవడానికి చాలాకాలం పడుతుందని డాక్టరు చెప్పాడు.

నీతి: ఎంతటి తల్లి ఓర్పయినా ఒకనాటికి అయిపోతుంది, దాన్ని పొగుడుతూ కూర్చోక, అది అయిపోకముందే ఆమె పని పంచుకోవాలి.