బీబమ్మ నల్లగుడ్డ

రెజీనాకి ముహూర్తం కెమెరా కావాలి.

పెళ్ళి ఫోటోల పనిలో ముహూర్తం కెమెరా అంటే అసలు కెమెరా. మండపం మీద పురోహితుడి పక్కన, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా నిలబడేది అదే. మిగతావాళ్ళు చుట్టాల్నీ, పూల అలంకరణనీ, భోజనాల బంతినీ తీసుకుంటూ తిరుగుతారు. నరసరావుపేటలో బీబమ్మ స్టూడియోలో చేరినప్పటినుంచి రెజీనా ఆ తిరిగేవాళ్ళలోనే ఉంది. ఇక తిరగదలుచుకోలేదు.

ఆమెకి పని రాదని ఎవరూ అనలేరు. చీకటి హాల్లో వీడియోవాడి లైటు కళ్ళల్లో కొడుతున్నా, ముఖం మీద వెలుగు చెదరకుండా పట్టగలదు. ఆమె తీసిన పెళ్ళికూతుళ్ళు ఫోనుల్లో ఊళ్ళు దాటి తిరుగుతున్నారు. గుంటూరు నుంచి ఒక పెద్ద స్టూడియో వాళ్ళు రమ్మని కబురు కూడా పెట్టారు. పేటలో మగ ఫోటోగ్రాఫర్లు వెనకాల 'చున్నీ కెమెరా' అని నవ్వుతారు, ముందుకొచ్చి సెట్టింగు అడుగుతారు. రెజీనా చెప్తుంది. చెప్పి, చున్నీ సర్దుకుని, గడ్డం కాస్త పైకెత్తుకుని పోతుంది.

ఆడపిల్లకి అంత గర్వం పనికిరాదని చెప్పడానికి ఊరినిండా మనుషులున్నారు. బీబమ్మ మాత్రం ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఆవిడ దగ్గరే ఉండిపోవడానికి రెజీనాకి సగం కారణం అదే.

బీబమ్మ అసలు పేరు జైనాబీ. వాళ్ళ నాన్న మూడుకాళ్ళ పెట్టె కెమెరాతో ఆ స్టూడియో పెట్టాడు. కొడుకులు తలో వ్యాపారానికి పోతే, ఆయన తర్వాత, బొమ్మ చూడ్డానికి తల మీద కప్పుకునే కెమెరా నల్లగుడ్డ కిందికి కూతురు దూరింది. ముసుగులో ఆడది ఏం చూస్తుందని పేట నవ్వింది. ఆ కెమెరా అద్దంలో మనిషి బొమ్మ తలకిందులుగా పడుతుంది. కాబట్టి నవ్వినవాళ్ళందర్నీ బీబమ్మ చాలా ఏళ్ళు తలకిందులుగానే చూసింది.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. బొమ్మకి కూర్చున్న ఆడమనిషిని నవ్వమనదు, సిగ్గుపడమనదు, తల దించమని అసలే అనదు. తల దించమనడానికి ఇంట్లో చాలామంది ఉన్నారు, దానికి మళ్ళీ ఫోటోగ్రాఫర్ ఎందుకంటుంది. కెమెరా వెనక నిలబడి, "నీకేం బాగా వచ్చమ్మా?" అని అడుగుతుంది. ఒకామె ఆవకాయ అంటుంది. ఒకామె లెక్కలంటుంది. ఒక ముసలావిడ ఆలోచించి ఆలోచించి, తిట్టడం అంది. ఆ జవాబు నోట్లోంచి వచ్చే లోపల ముఖం ఒకలా వెలుగుతుంది. బీబమ్మ వేలు అప్పుడు కదులుతుంది.

పెళ్ళిలో అయితే, పెళ్ళికొడుకుని కాదు, డోలు ఆయన్ని కనిపెట్టుకుని ఉండమంటుంది. పురోహితుడు వేలెత్తగానే ముందు పసిగట్టేది ఆయనే. మండపం ఎక్కే ముందు ఆయన్ని పలకరించి కాఫీ తాగారా అని అడిగితే, గట్టిమేళానికి ముందు ఆయనే కళ్ళతో సైగ చేస్తాడు.

ఇవన్నీ రెజీనాకి వచ్చు. అన్నీ వచ్చినా ముహూర్తం మాత్రం రాలేదు. చివరికి ఒకరోజు అడిగేసింది.

"నాకేం తక్కువ బీబమ్మా?"

బీబమ్మ లెన్సు తుడుస్తోంది. "ఏమీ తక్కువ లేదు," అంది.

"మరి నన్నెందుకు మండపం ఎక్కనివ్వరు?"

బీబమ్మ లెన్సుని వెలుతురుకెత్తి చూసి, మూత పెట్టింది. "శనివారం తిరుపతమ్మ పెళ్ళి. ముహూర్తం నువ్వే తియ్యి. బాగా తీస్తే ఇక అన్నీ నువ్వే తీద్దువుగాని."

తిరుపతమ్మ ఆర్టీసీలో కండక్టరు. వినుకొండ బస్సు ఎక్కినవాళ్ళందరికీ ఆమె గొంతు తెలుసు. పెళ్ళికి డిపో ఆడవాళ్ళంతా ముందు వరసల్లో కూర్చున్నారు. పెళ్ళికొడుకు టైర్ల షాపు కోటయ్య, మెత్తని మనిషి. బీబమ్మ కెమెరా లేకుండా వచ్చి, డిపో వాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

రెజీనా ఆవేళ ఏ తప్పూ చెయ్యలేదు. డోలు ఆయన్ని పలకరించింది. చెప్పులు ముందే విప్పింది. మేనమామలు ఎక్కడ లేస్తారో చూసుకుని, వాళ్ళు అడ్డురాని మూల పట్టింది. డోలు ఆయన కళ్ళు ఎగరేశాడు. గట్టిమేళం మోగింది. కోటయ్య వేళ్ళ మధ్య పసుపుతాడుకి మూడో ముడి పడింది, అక్షింతలు గాల్లో ఉన్నాయి, ఒక్క గింజ కూడా తిరుపతమ్మ ముఖానికి అడ్డం రాలేదు. రెజీనా నొక్కింది.

ఇలాంటిది పేటలో ఎవడికైనా పడిందా? ఆమె కెమెరా దించి, వెనక తెర మీద ఆ బొమ్మని బొటనవేలితో పెద్దది చేసింది. వేళ్ళు చూసుకుంది. ముడి చూసుకుంది. గాల్లో ఆగిన గింజలు చూసుకుంది. తనే తీసిందా అన్నట్టు ఇంకోసారి చూసుకుంది.

అప్పుడు హాలు హాలంతా గొల్లుమంది.

జరిగింది ఇది. ముళ్ళు వేసిన కోటయ్య వెనకే వంగి, బొమ్మలా నిలబడిపోయాడు. పురోహితుడు వచ్చి కూర్చోమంటున్నా ఆయన చెవికెక్కలేదు. తిరుపతమ్మ కాసేపు చూసింది. చూసి, అరచేత్తో పెళ్ళిపీట అంచు మీద టపటపా రెండు దెబ్బలు కొట్టి, బస్సులో అరిచినట్టే అరిచింది. "రైట్ రైట్!"

కోటయ్య ఉలిక్కిపడి వచ్చి కూర్చున్నాడు. డిపో ఆడవాళ్ళు ఈలలు వేశారు. డోలు ఆయన నవ్వు ఆపుకోలేక వాయిద్యం ఆపేశాడు. పురోహితుడు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తిరుపతమ్మ వాళ్ళమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు.

రెజీనా తలెత్తేసరికి నవ్వు మిగిలింది. నవ్వించింది అయిపోయింది. వీడియోలో మేనమామ వీపు పడింది. ఫోనులు పట్టాల్సిన చేతులన్నిటా అక్షింతలున్నాయి.

అప్పుడు రెజీనా ఫోటోగ్రాఫర్లకి తప్ప మరెవరికీ రాని పని చేసింది. ముందుకొచ్చి, "అక్కా, మళ్ళీ ఒకసారి కొట్టు," అంది. తాళి కట్టేవాణ్ణి ముడి దగ్గర ఆపి, ఇటు చూడమనే జాతి కదా అది. తిరుపతమ్మ మంచి మనిషి, కాదనలేదు. చెయ్యెత్తి, కెమెరా కేసి చూసి, పీట మీద కొట్టింది. రెజీనా తీసింది.

మూడో వరసలో బీబమ్మ బ్యాగు తీసుకుని భోజనాలకి లేచింది.

ఆల్బంకి ఫోటోలు ఏరుకోవడానికి తిరుపతమ్మ కోటయ్యని తీసుకుని స్టూడియోకొచ్చింది. రెజీనా ముందుగా మూడో ముడి చూపించింది. బాగుందమ్మాయ్ అంది తిరుపతమ్మ. అని, తర్వాతది, తర్వాతది అంటూ పోయింది. దేనికోసమో వెతుకుతోందని రెజీనాకి అర్థమైంది.

తిరుపతమ్మే చెప్పింది. పెళ్ళికూతురు అలా అరవడమేమిటని అత్తగారి తరఫున కాస్త గునిశారట. డిపోలో మాత్రం ఎదురొచ్చిన వాళ్ళల్లా ఆ ఫోటోనే అడుగుతున్నారట. "సిగ్గుపడ్డవన్నీ మా అత్తగారికిచ్చెయ్. ఆ ఒక్కటీ నాకియ్యి. అమ్మ గోడకి పెట్టుకుంటానంటోంది."

రెజీనా రెండోసారి కొట్టించి తీసింది చూపించింది. తిరుపతమ్మ తల వంచి చూసింది. కోటయ్య కూడా వంగి చూశాడు. బొమ్మలో ఒక పెళ్ళికూతురు పీట మీద దోమని కొడుతోంది.

"ఇది నేను కాదులే," అని నవ్వింది తిరుపతమ్మ. "పోనీలే అమ్మాయ్."

తిట్టినా బాగుండేది. ఆ 'పోనీలే' కంటే అదే నయం అనుకుంది రెజీనా.

వాళ్ళు వెళ్ళాక బీబమ్మ వచ్చి, మూడో ముడి బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఇంత బాగా తను ఎన్నడూ తియ్యలేదంది. ఆ మాట అబద్ధం కాదని రెజీనాకి తెలుసు. బీబమ్మకి అబద్ధం చెప్పేంత ఓపిక లేదు.

"తాళి పడ్డాక ఆ పిల్ల ఏం చేసింది?" అని అడిగింది బీబమ్మ.

"రైట్ రైట్ అంది."

"నువ్వు చూశావా?"

రెజీనా మూడో ముడి బొమ్మ కేసి చూసింది.

"విన్నాను."

బీబమ్మ లోపలికి వెళ్ళి బీరువా తీసింది. వాళ్ళ నాన్న నల్లగుడ్డ బయటికొచ్చింది. ఏటా ఉతికి, ఆరేసి, కర్పూరం బిళ్ళ పెట్టి మడిచే గుడ్డ అది. స్టూడియోలో ఎవరి చెయ్యీ దాని మీద పడనివ్వదు. దాన్ని బల్ల మీద పరిచి, కత్తెరతో ఒక మూల అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ముక్క కత్తిరించింది. బీబమ్మ కెమెరా తీసుకుని, ఆల్బంలకి వాడే జిగురు రాసి, వెనక తెర మీద ఆ ముక్క అంటించి, బొటనవేలితో అంచులు నొక్కింది.

"ఇన్నాళ్ళూ ఇది నా మీద ఉండేది," అంది. "ఇక దీని మీద ఉండనీ."

"మరి వెలుతురు సరిపోయిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"నీకు పని వచ్చుగా."

ఆ మాట రెజీనాకి మండింది. ఇంటికెళ్ళేదాకా మండుతూనే ఉంది. కళ్ళకి గంతలు కట్టి పని చెయ్యమనడం ఏం పాఠం అనుకుంది. గుంటూరు వాళ్ళకి ఫోను చేద్దామనుకుంది. కెమెరా ఒళ్ళో పెట్టుకుని గుడ్డ అంచుని గోటితో కాస్త లేపింది కూడా. కర్పూరం వాసన వచ్చింది. తనకి పని వచ్చు. వచ్చని ఊరందరికీ చెప్పుకుంది. తెర చూసుకోకపోతే రాని పని అయితే, అది ఎవరికి వచ్చినట్టు? అంచు మళ్ళీ నొక్కేసింది.

తిరుపతమ్మ సెలవు అయిపోయి డ్యూటీకి ఎక్కిన రోజు, రెజీనా బస్టాండుకి వెళ్ళింది. తిరుపతమ్మ చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని, మెడలో టికెట్ మిషనుతో మెట్టు దగ్గర నిలబడి ఉంది. బస్సులో కూర్చుని నీ ఫోటో తియ్యనా అక్కా అని రెజీనా అడిగింది. ఆ మాట మళ్ళీ అనమని మాత్రం అడగనంది.

తిరుపతమ్మ ఎగాదిగా చూసింది. "ఎక్కు. టికెట్ మాత్రం తీసుకోవాలి."

బస్సు కిటకిటలాడుతోంది. రెజీనా వెనక మెట్టు పక్కన ఇరుక్కుని కూర్చుంది. కెమెరా ఒళ్ళోనే ఉంది. తియ్యడానికి ఏమీ లేక తిరుపతమ్మని చూస్తూ కూర్చుంది. చూస్తున్న కొద్దీ కనపడింది. చిల్లర వేళ్ళ మధ్య ఎలా నిలబడుతుందో, బస్సు ఊగినప్పుడు నడుం ఎలా ముందే ఊగి సర్దుకుంటుందో, అరవబోయే ముందు గడ్డం ఎలా పైకి లేస్తుందో. ఆడవాళ్ళ సీట్లో ఒక తెల్లచొక్కా ఆయన నిద్ర నటిస్తున్నాడు. తిరుపతమ్మ ఆయన మీదికి వంగి, "అయ్యా, పైన రాసింది చదవడం రాకపోతే చెప్పండి, చదివి వినిపిస్తాను," అంది. ఆయన లేచాడు. బస్సు సగం నవ్వింది.

దారిలో ఒక స్టేజి దగ్గర మిరపకాయల మూటతో ఒక ముసలావిడ నిలబడి ఉంది. డ్రైవరు ఆగీ ఆగనట్టు ఆపాడు. తిరుపతమ్మ కిందికి దూకి, మూట అందుకుని, ఆవిడ్ని చంక కింద చెయ్యేసి ఎక్కించి, తను చివరన మెట్టు మీదికి ఎగిరింది. ఎర్రటి దుమ్ము లేచింది. పసుపుతాడు ఖాకీ కాలరులోంచి బయటికొచ్చి గాలికి ఊగుతోంది.

గడ్డం పైకి లేచింది.

రెజీనా కెమెరా కంటికి ఎప్పుడెత్తిందో ఆమెకే తెలియదు. తిరుపతమ్మ చెయ్యి బస్సు రేకు మీద టపటపా పడింది, నోరు నిండుగా తెరుచుకుంది, రెజీనా ఒక్కటే ఒక్కసారి నొక్కింది.

అలవాటుగా బొటనవేలు వెనక్కి పోయింది. మెత్తగా గుడ్డ తగిలింది. తలెత్తింది. తిరుపతమ్మ దుమ్ములోంచి, సూటిగా, ఈ బస్సంతా నాదే అన్నట్టు నిలబడి తననే చూస్తోంది. రెజీనా కూడా చూపు తిప్పుకోలేదు.

"టికెట్ తియ్యవా?" అంది తిరుపతమ్మ.

సాయంత్రం స్టూడియోలో బీబమ్మ ఒక పెళ్ళి ఆల్బం అట్టకి జిగురు రాస్తోంది. రెజీనా జుట్టు నిండా దుమ్ముతో వచ్చి, కెమెరా బల్ల మీద పెట్టింది. గుడ్డముక్క అంచులు ఎక్కడా లేవలేదు.

"పడిందా?" అని అడిగింది బీబమ్మ.

"తెలియదు బీబమ్మా. చూశాను."

బీబమ్మ తలెత్తి రెజీనా ముఖం కేసి చూసింది. కెమెరా కేసి చూడలేదు. కార్డు తీసి చూపించమనలేదు. అట్ట మూసి, దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కుతూ అంది.

"ఆదివారం పొద్దున ముహూర్తం. పెళ్ళికూతురి పేరు కనుక్కుని ఎక్కు."