దారి చీలిన చోట గొర్రె

మీరూ వెళ్ళారుగా, ఏడుమెట్ల జలపాతానికి? ఏం చూశారో చెప్పండి. తొందరేం లేదు, గుర్తు తెచ్చుకునే చెప్పండి.

పచ్చరంగు మీద తెల్ల బాణాలు వేసిన కొత్త బోర్డులు చూశారు. నీళ్ళు చూశారు. ఇప్పచెట్ల నీడలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నారు. అంతేనా? బోడకొండ సగం ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. అక్కడ నిండు చూలుతో ఒక గొర్రె నిలబడి ఉంది. దాన్ని చూశారా? చూసే ఉంటారు. మేస్తోంది అనుకుని ఉంటారు. ఆ చోట గడ్డిపరక లేదు. వట్టి గులకరాళ్ళు. అది మాత్రం మీ కంటపడలేదు.

అయితే నేను చెబుతాను, వినండి.

ఆ చీలిక దగ్గర ఎడమవైపు దారి సన్నగా వెదురుపొదల్లోకి దూరిపోతుంది. జలపాతానికి వెళ్ళేది అదే. కుడివైపు దారి రెండు బండ్లు పట్టేంత వెడల్పు. ఒకప్పుడు రాళ్ళ లారీలు తిరిగిన బాట. అది నేరుగా పాడుబడిన క్వారీ గుంట అంచుకి తీసుకుపోతుంది. గుంట నిండా నీళ్ళు. నీళ్ళ మీద పచ్చగా నాచు కమ్మి, చూసినవాళ్ళకి లేత గడ్డి మైదానంలా ఉంటుంది. కొండమీద పుట్టినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఎవరు చెబుతారు?

నిరుడు కార్తీకంలో బొల్లి అనే గొర్రె తన పిల్లతో మందని వెతుక్కుంటూ ఆ బాట పట్టింది. పిల్ల పచ్చిక అనుకుని పరుగెత్తింది. తల్లి వెనకే దూకింది. పైఊళ్ళకి ఉప్పు మోసే గాడిద తాత ఆ కేకలు విని, లారీలు దిగే ఏటవాలు వైపు నుంచి నీళ్ళలోకి దిగి, తల్లిని పళ్ళతో పట్టి లాగాడు. పిల్ల దొరకలేదు.

ఈ ఏడు వానలకి మంద మళ్ళీ కొండెక్కింది. ఆ రోజు నుంచి బొల్లి పొద్దున్నే మేత మానేసి చీలిక దగ్గరికి వచ్చి నిలబడేది. వచ్చినవాళ్ళకి మెడ ఎడమకి తిప్పి, "అటు కాదమ్మా, ఇటు" అనేది. అంతే. అందులో పాఠం లేదు, ఏడుపు లేదు. వచ్చినవాళ్ళు సరేనని వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కరూ ఆగి, నువ్విక్కడ ఎందుకున్నావని అడగలేదు.

కార్తీకం వచ్చేసరికి బొల్లి మళ్ళీ చూలుతో ఉంది. పల్లంలో వరికోతలు మొదలయ్యాయి. కోసిన పొలాల్లో ఎరువు కోసం పడుకోవడానికి మంద దిగిపోయే రోజు దగ్గరపడింది. అప్పుడు బొల్లి కొండకి పెద్ద అయిన ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, నేను ఇక్కడ ఒంటరిగా ఈనితే ఈ బిడ్డ కూడా దక్కదు. నేను కదిలితే అక్కడ చెప్పే దిక్కు లేదు. నా బదులు ఒక బోర్డు నిలబెట్టండి."

ఎలుగుబంటి చెడ్డది కాదు. సభ పెట్టించింది. ఒక్కటేం ఖర్మ, దారి పొడుగునా పన్నెండు పెడదామంది. వనభోజనాలకి వచ్చేవాళ్ళు మన కొండ పేరు చెప్పుకుంటారంది. పని ఎవరికి అనగానే నక్క ముందుకొచ్చింది. ఈ కొండలో తనకి తెలియని మలుపు లేదంది.

గాడిద తాత అడ్డం పడ్డాడు. "దారి తెలిసినవాడు పెడితే తనకి నచ్చిన చోట పెడతాడు. తెలియనివాణ్ణి ముందు నడిపించు. నువ్వు వెనకాల నోరు మూసుకుని నడువు. వాడు ఎక్కడ ఆగితే అక్కడ గుంజ పాతు."

"నోరు మూసుకోవడం గాడిద నేర్పాలా తాతా, మాకు?" అంది నక్క. సభ విరగబడి నవ్వింది. బొల్లి నవ్వలేదు.

నిజం దాచకూడదు కాబట్టి చెబుతున్నాను, నవ్వినా నక్క ఆ మాట పాటించింది. పల్లం నుంచి ఒక మేకని, రెండు బాతుల్ని, ఒక ముసలి ఎద్దుని పిలిపించి, ఒకరి తరవాత ఒకర్ని ముందు నడిపించింది. వాళ్ళు తడబడిన ప్రతిచోటా కాలితో గీత గీసింది. వాగు దాటే చోట, పుట్ట దగ్గర, వెదురుపొదల మలుపులో, అలా పదకొండు చోట్ల గీతలు పడ్డాయి. చీలిక దగ్గర మాత్రం ఎవరూ తడబడలేదు. మేక కుడివైపు ఓ చూపు చూసింది. బొల్లి మెడ తిప్పి, "అటు కాదమ్మా, ఇటు" అంది. మేక ఎడమకి తిరిగింది. బాతులూ అంతే. ఎద్దూ అంతే.

నక్క రెండు అడుగుల వెనకే నిలబడి ఇదంతా చూసింది, విన్నది. చీలిక దగ్గర ఎవరూ తప్పిపోలేదని, అక్కడ బోర్డు అక్కర్లేదని పెద్దకి చెప్పింది.

తెలివి లేక కాదు. నక్కకి తెలివి లేదని ఎవరంటారు? గొర్రెని ఒక మనిషిగా లెక్కవేసే అలవాటు దానికి లేదు. చెట్టుంది, రాయుంది, గొర్రె ఉంది. అలా చూసింది. మిగిలిన పన్నెండో బోర్డు మీద స్వాగతం అని రాయించి, కింద ఎలుగుబంటి పేరు, దాని కింద తన పేరు పెట్టించి, జలపాతం ఎదుట పాతించింది.

మంద కదిలే రోజు పొద్దున బొల్లి నక్కని వెతుక్కుంటూ వచ్చింది. మంద కొండ అవతలి వైపు నుంచి దిగుతోంది. నిన్న సాయంత్రం దాకా చీలిక దగ్గర బోర్డు లేదు, ఇప్పుడు అక్కడికి వెళ్ళి చూసి వచ్చే వ్యవధి లేదు.

"నా చోట నిలబెట్టారా అయ్యా?"

ఉన్నది చెబితే మళ్ళీ సభ, మళ్ళీ ఆ గాడిద నోరు. అక్కర్లేని బోర్డు కోసం ఇంత గొడవెందుకు అనుకుంది నక్క.

"నిలబెట్టేశాం తల్లీ. నిశ్చింతగా వెళ్ళు."

బొల్లి దానికి దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

నాలుగో రోజు ప్రారంభోత్సవం. సన్నగా తుఫాను జల్లు. నక్క తన వైభవం చూపించుకోవాలని పల్లం నుంచి అత్తవారిని పిలిచింది. బావమరిది, అతని పెళ్ళాం, వాళ్ళ చిన్నకూతురు వచ్చారు. మా బావ పెట్టించిన బోర్డులంటూ బాణం బాణానికీ మురిసిపోతూ కొండెక్కారు. చీలిక దగ్గరికి వచ్చారు. బాణం లేదు. గొర్రె లేదు. ఇంత తెలివైన బావ బోర్డు పెట్టలేదంటే, వెడల్పు దారే దారి అయి ఉంటుంది అనుకున్నారు. కుడికి తిరిగారు.

పచ్చగా కనబడగానే పిల్ల పరుగెత్తింది.

జలపాతం దగ్గర నక్క స్వాగతం బోర్డు కింద నిలబడి పెద్దని పొగుడుతోంది. అరుపులు అక్కడి దాకా రాలేదు, నీళ్ళ హోరు. విన్నది గాడిద తాతే. ఉప్పుబస్తాలు దారిలోనే దులిపేసి, ఏటవాలు మీదుగా దిగి, నాచులో మునిగి, ఈసారి తోక అందుకున్నాడు. పిల్ల బతికింది. వెనకకాలు రాతికి తగిలి విరిగింది. ఆ కాలు ఇక సరిగా పనిచేయదు.

సభ మళ్ళీ కూడింది. నక్క బావమరిది నక్క ముఖం చూడలేదు. "బావా, అక్కడ ఎవరూ తప్పిపోలేదన్నావట," అని మాత్రం అన్నాడు, నేలకేసి చూస్తూ. ఎందుకు తప్పిపోలేదో నక్కకి అప్పుడే అర్థమైంది.

ఎలుగుబంటి తన పేరున్న బోర్డు పీకించి చీలిక దగ్గర పాతించింది. వానకి నేల బురదై, పాతిన గుంజ పాతినట్టే ఒరిగిపోయింది. నేల గట్టిపడేదాకా బొల్లికి కబురు పెడదామా అని ఎవరో అన్నారు.

"పెట్టొద్దు," అన్నాడు గాడిద తాత. "కబురు అందితే వచ్చేస్తుంది. అందుకే పెట్టొద్దు."

ఎలుగుబంటి నక్క వైపు తిరిగింది. "గుంజ నిలబడేదాకా నువ్వు నిలబడు."

నక్క నిలబడింది. జల్లులో, గులకరాళ్ళ మీద, నెల రోజులు. వచ్చినవాళ్ళకి మెడ ఎడమకి తిప్పి, అటు కాదు ఇటు అని చెప్పింది. వాళ్ళు సరేనని వెళ్ళిపోయారు. ఒక్కరూ ఆగి, నువ్విక్కడ ఎందుకున్నావని అడగలేదు. పనీపాటా లేని నక్క అనుకున్నారు. కొందరు ఆ మాట పైకే అన్నారు.

బోర్డు లేని చోట కూడా ఎవరూ తప్పిపోవడం లేదంటే, అక్కడ ఎవరో బోర్డై నిలబడి ఉన్నారు.

మీరు క్షేమంగా చేరిన దారిలో నిలబడింది ఎవరు? పేరు చెప్పగలరా?