చాంపియన్ గుబురయ్యకు దొరికిన ముసలి ఎద్దు

నాకు నక్కలంటే మొదట్నుంచీ గిట్టదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

పాపికొండల అవతల ఒక అడవిలో అందరికీ బాక్సింగ్ పిచ్చి. నాలుగు టేకు చెట్లకు తీగలు చుట్టి బరి కట్టుకున్నారు. చేతులకు బూరుగుదూది తొడుగులు. కొమ్ములున్నవాళ్లకు కొమ్ములకు కూడా. అడవికోడి రిఫరీ. గెలిచినవాడికి మోదుగ నారతో అల్లిన బెల్టు, దాంతోపాటు వేసవిలో ఎండని ఒకే ఒక్క మడుగు మీద పెత్తనం.

ఆ బెల్టు గుబురయ్య అనే ఎలుగుబంటిది. కుర్రతనంలో వాడు నిజంగానే మొనగాడు. అడవిపందికి ఎదురు నిలబడి కొట్టి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ మర్నాడే చలమయ్య అనే నక్క మేనేజరునంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఇకమీదట నువ్వు గెలవడం నా పూచీ. నువ్వు తేనె తాగుతూ కూర్చో," అన్నాడు.

పూచీ ఎలా నిలబెట్టుకున్నాడంటారా? జ్వరమొచ్చిన కొండముచ్చును బరిలోకి తెచ్చాడు. నిద్రలేక కళ్లు మూతలు పడుతున్న దుమ్ములగొండిని తెచ్చాడు. గుబురయ్య భుజం ఆడిస్తే చాలు, పడిపోయేవాళ్లు. బెల్టు నిలిచింది, పొట్ట పెరిగింది. చివరికి బెల్టు చుట్టూ రాక దానికో తీగముక్క అతికించాల్సి వచ్చింది.

మడుగు దగ్గర మాత్రం చలమయ్యే కాపలా. "చాంపియన్ గారి స్నానం కాలేదు, తర్వాత రండి," అని జింకల్ని తరిమేసేవాడు. పిల్లల్ని వెంటేసుకొచ్చిన తల్లులు నాలుక పిడచకట్టుకుపోయి తిరిగి వెళ్లేవి. ఒళ్లు మండదూ మరి?

"మావా, నన్నెవరైనా గట్టిగా కొట్టి ఎన్నాళ్లయింది?" అని గుబురయ్య ఒకసారి అడిగాడు.

"తన్నులు తినాలని సరదాగా ఉందా? నోరు తెరువు, తేనె పోస్తా," అన్నాడు చలమయ్య.

ఆ వేసవికి పోటీకి ఎవరూ దొరకలేదు. ఓడినవాళ్లంతా మళ్లీ రామన్నారు. పోటీ జరక్కపోతే బెల్టు పోతుంది, మడుగూ పోతుంది. చలమయ్య కాళ్లరిగేలా తిరుగుతుంటే మైలతాత కనబడ్డాడు. ఊళ్లోకి ట్రాక్టరు వచ్చాక రైతు వదిలేసిన ఎద్దు. చలమయ్య పొదల్లోంచి పశువుల సంత చూసినవాడు కదా, బేరగాడిలా తాత నోరు తెరిపించి పళ్లు చూశాడు. అన్నీ అరిగిపోయాయి.

'భలే దొరికాడు' అనుకుని, "తాతా, బాక్సింగ్ ఆడతావా?" అన్నాడు.

"నాకు కొట్టడం రాదు నాయనా."

"మరీ మంచిది."

"గెలిస్తే ఏమిస్తావు?"

చలమయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం కావాలో అడుగు."

"మడుగు అందరిదీ కావాలి. ఆ మాట అందరి ముందూ చెప్పాలి."

"చెబుతా. ఓడితే మాత్రం నువ్వీ అడవి విడిచి పోవాలి."

తాత కాసేపు నెమరేశాడు. పోవడానికి ఆయనకింకో చోటు లేదు. "సరే," అన్నాడు.

పోటీ రోజు చలమయ్య ఆ మాట అందరి ముందూ చెప్పాడు, నవ్వుతూనే. కోడి కూత పెట్టింది. గుబురయ్య దూసుకొచ్చి తాత మెడ మీద ఒకటిచ్చాడు. తాత టేకు చెట్టుకు ఆనుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఇంకోటిచ్చాడు. చెట్టు ఊగింది గానీ తాత ఊగలేదు.

"ఇంకాస్త కిందికి నాయనా. అక్కడ దురదగా ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. గుబురయ్యకు రోషం వచ్చింది. ఎడాపెడా వాయించాడు. వాయించి వాయించి రొప్పుతూ, "అదేం మెడ తాతా?" అన్నాడు.

"కాడి మోసి కాయగాచిన మెడ. తడిసిన ధాన్యం బస్తాల బండిని గట్టెక్కించిన మెడ. నువ్వు కానివ్వు, నాకేం తొందర లేదు."

బయట చలమయ్య గొంతు చించుకుంటున్నాడు. ఏం లాభం, గుబురయ్యకు చేతులు లేవడం లేదు. తాగిన తేనంతా చెమటై కారిపోయింది. అప్పుడు తాత ఒక్కడుగు ముందుకేసి, దూడను పాకలోకి తోసినట్టు నుదుటితో మెల్లగా తోశాడు. గుబురయ్య కూలబడ్డాడు. కోడి పది లెక్కపెట్టింది.

"లేవరా, పరువు పోతోంది," అని చలమయ్య గింజుకున్నాడు.

"లేవను మావా. ఇన్నాళ్లకి నిజంగా ఆడాను. ప్రాణం హాయిగా ఉంది," అని గుబురయ్య పడుకునే నవ్వాడు. బెల్టు విప్పి తన చేత్తోనే తాత మెడలో వేశాడు.

సాయంత్రం చలమయ్య మడుగు దగ్గరికి వస్తే జింకలు వరస చివరికి వెళ్లమని చూపించాయి. వెళ్లి నిలబడ్డాడు గానీ, ఉండబట్టలేక ముందున్న తాతను అడిగాడు.

"పళ్లు చూసే కదా తెచ్చాను తాతా. ఎక్కడ తప్పాను?"

"పళ్లు చూస్తే నేనెన్నాళ్లు గడ్డి తిన్నానో తెలుస్తుంది. ఎంత మోశానో ఎలా తెలుస్తుంది నాయనా? కాస్త జరుగు, పిల్లల్ని ముందు తాగనివ్వు."

నీతి: ముసలివాడు ఓడిపోతాడని తేల్చేసేముందు, వయసులో వాడేం మోశాడో కనుక్కోవాలి.