బాన గుడి: చుక్క తీయని నీళ్లు

1911వ సంవత్సరం మే నెల ఏడవ తేదీ, ఈస్టరు తరువాత మూడవ ఆదివారం, ఉదయం ఏడు గంటలకు ఇక్కడ మొదటి బాప్తిస్మం జరిగింది. అప్పటికి గుడి లేదు, బోదగడ్డి కప్పిన ప్రార్థన కొట్టం మాత్రమే. ఇప్పుడు మీరు చూస్తున్న రాతిగుడి ఆ కొట్టం ఉన్న చోటే కట్టారు. బోర్డు మీద పరిశుద్ధ ఫిలిప్పు దేవాలయం అని ఉంటుంది గాని, గుండ్లవంకలో బస్సు దిగి ఆ పేరు అడిగితే ఎవరూ దారి చెప్పలేరు. బాన గుడి అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. లోపల బాప్తిస్మపు రాతితొట్టి ఉండవలసిన చోట మూడు గుంజల మీద ఒక తోలుబాన వేలాడుతుంది. దాని సంగతి మా జేజి, అంటే నాయనమ్మ, దీనమ్మ చెప్పగా విన్నాను. ఆమెకు వాళ్లమ్మ చెప్పింది.

పూర్వం ఇక్కడ మంచినీళ్ల బావి ఒక్కటే, అది కొండారెడ్డిగారిది. ఎద్దులు మోకు లాగితే పెద్ద తోలుబానతో నీళ్లు పైకి వచ్చేవి. దాన్నే కపిల అంటారు. ఆ బాన కుట్టేది మా ముత్తాత ఓబులేసు. బాన ఆయన చేతిదే గాని, బావి ఆయన తాకరానిది. మా వాడ ఆడవాళ్లు గట్టు కింద కడవలు పెట్టి నిలబడితే రెడ్డిగారి మనిషి పైనుంచి పోసేవాడు.

ఓబులేసు భార్య సుంకమ్మకు ఇద్దరు బిడ్డలు బాప్తిస్మం లేకుండానే పోయారు. మూడో బిడ్డకు ఎనిమిదో నెల. తాగిన పాలు కడుపులో నిలవడం లేదు. బాప్తిస్మం ఇచ్చే బిషప్పుగారు ఈ ప్రాంతానికి మూడేళ్లకొకసారి ఎద్దులబండిలో వచ్చేవారు. ఈసారి మా వాడకు వస్తున్నారని తెలిసి ఊరిపెద్దలు, బాప్తిస్మానికి బావినీళ్లు ఇవ్వొద్దని కొండారెడ్డిగారిని పట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదని, నలుగురి మాటకు భయపడేవాడని మా జేజి అనేది. శనివారం ఓబులేసును పిలిచి, బావినీళ్లు ఒక్క చుక్క ఆ పనికి తీసినా సోమవారం నుంచి వాడలో ఎవరి కడవా నింపేది లేదన్నాడు. ఊరి పక్క వంకలో నీళ్లు అప్పటికే ఎండిపోయాయి. ఉపదేశి జ్ఞానయ్య, బిషప్పుగారి బండిని దారిలోనే వెనక్కి తిప్పుదామన్నాడు.

ఆ రోజు కొట్టం ముందు రెడ్డిగారి బానే వేలాడుతోంది. కొత్త కుట్టు వేశాక నీళ్లు నింపి రెండు రాత్రులు ఉంచి, కారకపోతేనే బావికి పంపాలి. ఆ నీళ్లు రెడ్డిగారే పోయించేవాడు. తాగడానికైతే ఇంటికొక కడవే, పనికైతే బానెడు.

సుంకమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. నీళ్లు వదిలే తోలుతొండం మడిచి కట్టి ఉంది. కింద నేల పొడిగా ఉంది.

“చుక్క తీస్తే కదా తప్పు? మనం తీయొద్దు. బిడ్డనే బాన మీద పట్టుకుందాం.”

“రెడ్డి మాటకే కుట్టు వేస్తున్నావే నువ్వు,” అన్నాడు ఓబులేసు.

“నిలుస్తుందో కారుతుందో రేపు తెలుస్తుందిలే.”

మర్నాడు బిషప్పుగారు అంతా విని, బాన అంచు తడిమి, ఎవరు కుట్టారని అడిగారు. తరువాత చెయ్యి ముంచి బిడ్డ తల మీద మూడుసార్లు పోశారు. నీళ్లన్నీ తిరిగి బానలోనే పడ్డాయి. రెండు రోజులుగా గొంతు లేవని బిడ్డ గట్టిగా ఏడ్చింది. సుంకమ్మ ఆ తల తుడవనివ్వలేదు. జుట్టు కొసల తడిని కూడా వేలితో బానలోకే దులిపింది.

సోమవారం పొద్దున్నే వాడవాళ్లు నలుగురు వాసానికి కట్టి బానను నీళ్లతో సహా బావి దగ్గరికి మోశారు. ఊరిపెద్దలూ ఉన్నారు. సుంకమ్మే చెప్పింది.

“చుక్క తీయలేదు సామీ. బిడ్డ తల మీదినుంచి జారినవి కూడా ఇందులోనే ఉన్నాయి. మీ నీళ్లు మీకు తెచ్చాం.”

కొండారెడ్డిగారు వంగి ఆ నీళ్లలోకి చూశాడు.

“కుట్టు కారిందా?”

“లేదు సామీ.”

“అయితే కపిలకు కట్టండి. ముందు ఈమె కడవ నింపండి.”

ఆ బిడ్డే మా జేజి. ఎనభై ఎనిమిదేళ్లు బతికింది. ఇప్పటికీ ఇక్కడ శనివారం బాన నింపి, కారలేదని చూశాకే ఆదివారం బాప్తిస్మం. బిడ్డలు దక్కని తల్లులు వచ్చి ఆ కుట్టును తాకి ప్రార్థన చేసుకుంటారు. వారిలో ఎందరో బిడ్డను ఎత్తుకుని మళ్లీ రావడం నేను కళ్లారా చూశాను.

పోయిన ఫిబ్రవరిలో మా మనవడికి బాప్తిస్మమైంది. మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ బానను మోసుకుని రెడ్డిగారి చేనిలోని బావి దగ్గరికి వెళ్లాం. ఆయన మునిమనవడు గట్టు మీద నిలబడి, కుట్టు కారిందా అని అడిగాడు. అలా అడగడం ఆచారం. లేదని చెప్పి, మా కోడలు తొండం విప్పి నీళ్లు కాలువలోకి వదిలింది.