గంట కట్టుకున్న మంత్రి

ఎర్రకొండను ఏలే చిరుతకూ, పక్కకొండ దుమ్ములగొండ్లకూ మధ్య ఉన్నది ఒక్కటే చెలమ. ఆ ఎండాకాలం నీళ్ళు అడుగంటాయి. చిరుత యుద్ధం అంది. ఎద్దు పంతులు దగ్గర చదువుకునే గొర్రెపిల్లలన్నీ సైన్యంలో చేరాలని మంత్రి నక్క చాటింపు వేయించింది.

"చదువన్నా ముగియనివ్వండి మంత్రిగారూ," అంది ఎద్దు.

"చావడానికి పరీక్షలెందుకు పంతులూ?" అంది నక్క.

పిల్లలు బడి వదిలి చిరుత గుహ ముందు బైఠాయించాయి. "చెలమ దొరది, చావు మాదా?" అని ఒకటే అరుపులు.

నక్క ఆలోచించింది. మెడలో గంట ఉన్న గొర్రె ఎటు నడిస్తే మంద అటే నడుస్తుంది. అది గొర్రెలకు తరతరాల అలవాటు. అందుకని అందరికంటే గట్టిగా అరుస్తున్న కుర్ర పొట్టేలు మచ్చకొమ్ము మెడలోనే గంట కట్టించింది.

"సేనాపతివయ్యావురా అబ్బాయ్! నడువు."

మచ్చకొమ్ము కదలలేదు. గంట మోగలేదు. మందా కదలలేదు.

చిరుత ఒక్క దూకు దూకింది. పిల్లల వెంటే వచ్చిన ఎద్దు కళ్ళు మూసుకుంది.

నెత్తురంటిన గంట తీసి, "ఇక ఎవరు కట్టుకుంటారు?" అంది నక్క.

మచ్చకొమ్ము చెల్లెలు చుక్కి ముందుకొచ్చింది. "చంపినా మాలో ఎవరూ కట్టుకోరు. మీరే కట్టుకోండి, వెనక వస్తాం. మా అలవాటు మీకు తెలిసిందేగా."

"కట్టుకో," అంది చిరుత, మూతి నాక్కుంటూ.

దారిలో పక్కకు తప్పుకోవచ్చులే అనుకుని నక్క కట్టుకుంది. తీరా చూస్తే రెండు కొండల నడుమ కనుమ ఇరుకు. వెనక మంద కొమ్ములతో తోసుకొస్తోంది.

"ఆగండర్రా!"

"గంట మోగుతోంది మంత్రిగారూ. ఆగడం మాకు రాదు," అంది చుక్కి.

కనుమ చివర దుమ్ములగొండ్లు పళ్ళు బయటపెట్టి నిలబడ్డాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నక్క చతికిలబడింది.

"అయ్యలారా, చంపకండి! పొద్దున మీరు తాగండి, సాయంత్రం మేం తాగుతాం. చెలమ ఇద్దరికీ సరిపోతుంది!"

దుమ్ములగొండ్లు మొహాలు చూసుకున్నాయి. వాటికీ పిల్లలున్నాయి. ముసలిది తలూపి దారి వదిలింది.

చుక్కి నక్క ఎదురుగా వచ్చి నిలబడింది. "ఈ ముక్క గుహ దగ్గరే అనుంటే మా అన్న బతికుండేవాడు."



నీతి: యుద్ధం కావాలన్నవాణ్ణి ముందు వరసలో నిలబెట్టు, సంధి మాట వాడి నోటే వస్తుంది.