గవరమ్మ కూత

అడవులు కూడా ఊళ్లలాగే పెరుగుతాయి. ఒకచోట నీళ్లు ఎండితే ఇంకోచోటికి కొందరు వలసొస్తారు, వాళ్ల వెనక బంధువులు, ఆ బంధువులకు బంధువులు. కొండకింద అడవి అలాగే పెరిగింది. పాతవాళ్లు కొండ వారన పాతపేటలో ఉన్నారు. కొత్తగా వచ్చిన మేకలు, గాడిదలు, కుందేళ్లు తూర్పున రాళ్లపేట కట్టుకున్నాయి. పిల్లలు గెంతడానికి, పెద్దలు నాలుగు పరకలు కొరికి నడుం వాల్చడానికి అందరికీ కలిపి ఉన్నది పచ్చబయలు ఒక్కటే. అది పాతపేట గుమ్మంలో ఉంది. రాళ్లపేటవాళ్లు వెళ్లాలంటే వాగు దాటాలి, ముళ్లదారి పట్టాలి, పెద్ద బండ ఎక్కి దిగాలి.

రాళ్లపేట మేక గవరమ్మ కూతురు చుక్క ఆ బండ మీదే కాలు విరగ్గొట్టుకుంది. ఆటలో పడి పొద్దు సంగతి మరిచిపోయి, మసకచీకట్లో ఇంటికి పరుగెత్తుకొస్తూ జారింది. కాలు అతుక్కుంది గానీ కుంటు పోలేదు. దాంతో గవరమ్మ పెద్దల సభకెక్కింది.

సభకు పెద్ద ఏనుగు వీరభద్రయ్య. మంచివాడే, కాకపోతే ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల మాట నచ్చుతుంది ఆయనకు. భూముల పంపకం చూసేది నక్క శేషావతారం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. శేషావతారం పాతపేటవాడు, కాబట్టి రాళ్లపేటకు ఏ బంతిలోనూ ఏమీ పడేది కాదు.

"పెద్దయ్యా, మా పేట పక్కన రేగుమెట్ట ఖాళీగా పడి ఉంది. దాన్ని పిల్లల బయలుగా వదిలెయ్యండి. ఎవరూ అక్కడ బొరియలు తవ్వకుండా చూడండి, అంతే చాలు," అంది గవరమ్మ.

శేషావతారం గొంతు సవరించుకున్నాడు. రేగుమెట్ట మీద బావమరుదులకు చోటిప్పిస్తానని ఇంట్లో మాటిచ్చేశాడు. వాళ్లు అక్కడ అప్పుడే తవ్వకం మొదలుపెట్టారు కూడా. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. ఆ సంగతి సభలో ఎందుకు ఎత్తుతాడు?

"చెల్లెమ్మ బాధ నా బాధే. కానీ మన కట్టుబాటు ఏమంటోంది? ప్రతి పేటకూ కూతవేటు దూరంలో ఒక బయలుండాలి అంటోంది. ఉందో లేదో కొలిచి చూద్దాం," అన్నాడు.

సభంతా పచ్చబయలుకు కదిలింది. ఎద్దు అప్పన్నను మాత్రం రాళ్లపేటకు పంపారు, అక్కడ నిలబడి కూత వినబడితే వచ్చి చెప్పమని. శేషావతారం మూతి ఆకాశానికెత్తి ఊళపెట్టాడు. కొండ మారుమోగింది. చాలాసేపటికి అప్పన్న నిదానంగా నడిచొచ్చి, "వినబడింది," అన్నాడు. ఎద్దుకు అబద్ధం రాదు, అతనితో వచ్చిన చిక్కల్లా అదే.

"చూశారా, కూతవేటే. ఇంకో బయలెందుకు? పచ్చబయలు అందరిదీ. రావద్దని ఎవరన్నారు?" అన్నాడు శేషావతారం.

పాతపేటవాళ్లు తలలూపారు. కడుపు నిండిన బేరం మరి. ఆఖరి మాట నక్కది కాబట్టి వీరభద్రయ్యకూ అదే నచ్చింది.

"నీ పని నేనే పాడుచేశానమ్మా," అన్నాడు అప్పన్న తల దించుకుని.

"ఉన్నమాటే కదా మామా, రేపు కూడా అలాగే చెప్పు," అంది గవరమ్మ. సభవైపు తిరిగింది. "పెద్దలు కొలిచాక మేం కాదంటామా? రేపు మధ్యాహ్నం అందరికీ మా పేటలో విందు. వెదురు చిగుళ్లు, ఇప్పపూలు, చెరుకు గడలు. శేషన్నకు కొంగ పట్టిన వాగు పీతలు. మా ముంగిళ్లు ఇరుకు, ముందే వస్తే కూర్చోబెట్టే చోటు లేదు. మీరు ఈ పచ్చబయల్లోనే చల్లగా కూర్చోండి. ఆకులు వెయ్యగానే మా గుమ్మంలోంచి పిలుస్తాను. ఎంతని, కూతవేటే కదా."

పీతలనగానే నక్కకు నోరూరింది. ఇక మిగతా మాటలు చెవికెక్కలేదు.

మర్నాడు పాతపేట పెద్దలు పొద్దున్నుంచీ కడుపులు మాడ్చుకుని పచ్చబయల్లో కూర్చున్నారు. ఎండ నడినెత్తికెక్కింది. నెత్తి మీంచి దిగింది.

"వెళ్లి చూద్దామా?" అన్నాడు వీరభద్రయ్య.

"పిలవని పేరంటానికి వెళ్తే పరువేముంటుంది పెద్దయ్యా? ఇప్పుడో ఇంకాసేపట్లోనో పిలుస్తుంది," అన్నాడు శేషావతారం.

ఏనుగు చేటల్లాంటి చెవులు విప్పి అటే పెట్టాడు. గాలి తప్ప ఏమీ వినబడలేదు. నీడలు సాగేవేళకు పరువు సంగతి ఆకలే తేల్చేసింది. అందరూ లేచి ముళ్లదారి పట్టారు. బండ దిగేటప్పుడు శేషావతారం రెండుసార్లు జారాడు.

రాళ్లపేటలో విస్తళ్లు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు కడుపునిండా తిని కునుకుతున్నారు. ఒక మూల కొంగ తిని పారేసిన పీతల డొప్పలు గుట్టగా పడి ఉన్నాయి. ఆ గుట్ట చూసేసరికి నక్కకు ఒళ్లు మండిపోయింది.

"విందని చెప్పి అవమానిస్తావా? ఒక్క పిలుపైనా పిలిచావా?"

గవరమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. "గొంతు పోయేదాకా పిలిచాను శేషన్నా. అడుగు, అప్పన్న మామను అడుగు."

"పిలిచింది. నేనిక్కడే ఉండి విన్నాను. తిన్నాను కూడా," అన్నాడు అప్పన్న.

"కోసెడు దూరంలో మేక అరిస్తే ఎవరికి వినబడి చస్తుంది?" అని అరిచాడు శేషావతారం.

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, అప్పటికే అందరూ విన్నారు.

"ఇదే మాట నిన్న నేనంటే మీరు వినేవాళ్లు కాదు," అంది గవరమ్మ. "చుక్క పడిన రోజు కూడా నేనిక్కడి నుంచే పిలిచాను పెద్దయ్యా. నా పిలుపు వినబడుంటే పొద్దుండగానే ఇల్లు చేరేది." ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వీరభద్రయ్య చుక్క కుంటికాలిని తొండంతో తడిమాడు. "ఇంతేసి చెవులుండీ పట్టపగలు నాకే వినబడలేదు. ఆటలో ఉన్న పసిదానికేం వినబడుతుంది? కూతవేటంటే ఇక నుంచీ తల్లి కూత, నక్క ఊళ కాదు. రేగుమెట్ట ఈ పేట పిల్లలది," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆఖరి మాట తనే అన్నాడు.

మెట్ట చూడబోతే సగం తవ్విన బొరియలు బయటపడ్డాయి. బావమరుదులు అప్పటికే పరారు. వాళ్లు తవ్విన మట్టినంతా శేషావతారమే ఖాళీ కడుపుతో తిరిగి పూడ్చాడు. పూడ్చిన చోటల్లా చుక్క కుంటుకుంటూ ఎక్కి గెంతి గట్టిపరిచింది. పొద్దు వాలగానే గవరమ్మ గుమ్మంలోంచి ఆ బొంగురు గొంతుతోనే పిలిచింది. ఒక్క పిలుపుకే చుక్క ఇల్లు చేరింది.

నీతి: అందరిదన్నది అందరికీ అందాలి, అందకపోతే అది కొందరిదే.