కూర్మమ్మ వద్దన్న సబ్బు

ఎదుటివాళ్లను అడగకుండానే వాళ్ల కష్టం తనకు తెలుసనుకునే త్రివిక్రమరావు అనే అధికారి శ్రీకాకుళం జిల్లాలో ఒక ధర్మసంస్థలో పనిచేస్తుండేవాడు. ఏ ఊరికి ఏ ఆరోగ్య కార్యక్రమం అవసరమో ఊరివాళ్లతో మాట్లాడి తేల్చడమే అతని ఉద్యోగం. అతను మాత్రం జీపు దిగేవాడు కాదు. "మనిషిని చూస్తే చాలు, ఏం కావాలో నాకు తెలిసిపోతుంది" అనేవాడు.

ఒక ఏడు బొడ్డవలస వంతు వచ్చింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు షెడ్లలో కూర్చుని జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తారు. త్రివిక్రమరావు వెళ్లేసరికి వాళ్లు పని ముగించి ఇళ్లకు పోతున్నారు. అందరి అరచేతులూ నల్లగా, పగిలి ఉన్నాయి. అతను జీపులోంచే చూసి ముక్కు చిట్లించాడు.

"ఎంత మురికి! వీళ్లకు చేతులు కడుక్కోవడం నేర్పితే సగం రోగాలు పోతాయి" అన్నాడు. ఆ ఊరికి కేటాయించిన సొమ్మంతా సబ్బులకీ, కుళాయిలకీ, గోడల మీద బొమ్మలకీ రాసేశాడు. ఆ నలుపు ఏమిటని ఒక్కరినైనా అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయి కాబోలు!

ప్రారంభోత్సవం రోజు షామియానా వేశారు. సంస్థ పెద్దలు వచ్చి కూర్చున్నారు. బల్ల మీద పళ్లెం, కొత్త సబ్బు, చెంబుతో నీళ్లు పెట్టారు. ఫొటో కోసం త్రివిక్రమరావు ముందు వరసలో ఉన్న కూర్మమ్మను పిలిచాడు. ఆమె పిక్కలు కొట్టే మనిషి, చంటిపిల్ల తల్లి. బల్ల దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"నాను కడగను బావూ" అంది.

"సిగ్గెందుకమ్మా? మురికి పోతే నీకే మంచిది."

"మురికేటి? ఇది పిక్కల సొన. తగిలిన సోటల్లా తోలు కాల్సేస్తాది. ఈ సేత్తో ముట్టుకుంటే మా పాప బుగ్గ కందిపోతాది. పచ్చి పుళ్ల మీద సబ్బెట్టి రుద్దమంటారేటి? మమ్మల్నొక్క మాట అడిగినారేటి?"

పెద్దల ముందు తల తీసేసినట్టయింది అతనికి. "నువ్వు కడగకపోతే ఈ కార్యక్రమం ఇంకో ఊరికి పోతుంది. ఆలోచించుకో" అని బెదిరించాడు.

కూర్మమ్మ వెనక్కి తిరిగి ఊళ్లోవాళ్ల వైపు చూసింది. ఊరికి వచ్చేది తన వల్ల పోతే ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? అయినా చెయ్యి చాపలేదు.

"అయితే పట్టుకుపోండి" అంది.

వెనక కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. నల్లటి అరచేతులు పైకెత్తి నిలబడ్డారు. ఎవరూ కడగలేదు.

"ఇంత చిన్న పిక్కకే చర్మం కాలుతుందా? నాకా చెబుతారు!" అంటూ త్రివిక్రమరావు పక్క కళ్లంలో ఎండబోసిన పిక్క ఒకటి తెప్పించాడు. రాయితో చితక్కొట్టి, ఆ సొన అరచేతికి పులుముకోబోయాడు.

"వద్దు బావూ, కాలిపోతాది!" అని కూర్మమ్మే అడ్డుపడింది. వింటేగా! అరచెయ్యంతా పులిమేసుకున్నాడు.

తెల్లారేసరికి ఆ చెయ్యి బొబ్బలెక్కింది. అన్నం కలుపుకోలేక భార్య చేత తినిపించుకున్నాడు. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. ఒక్క పిక్కకే తన చెయ్యి ఇలా అయితే, రోజంతా కొట్టేవాళ్ల సంగతేమిటని మొదటిసారి అనిపించింది. చేతికి కట్టు కట్టుకుని మళ్లీ బొడ్డవలస వెళ్లాడు. ఈసారి జీపు దిగి, షెడ్డులో వాళ్ల మధ్య నేల మీద కూర్చున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. మీకేం కావాలో మీరే చెప్పండి" అన్నాడు.

కూర్మమ్మ మెత్తబడలేదు. "ముందు ఆ సబ్బులు ఎనక్కి పంపండి. అప్పుడు సెప్తాం" అంది.

సబ్బులు వెనక్కి వెళ్లాయి. ఆ తర్వాత ఆడవాళ్లు చెప్పారు, అతను నోరు మూసుకుని విన్నాడు. చేతి తొడుగులు, రాసుకోవడానికి ఆముదం, పుళ్లకు మందు, వారం వారం వచ్చే నర్సు, అన్నీ వాళ్లు అడిగినట్టే ఏర్పాటయ్యాయి. కొన్నాళ్లకు కూర్మమ్మ చేతుల పుళ్లు మానాయి.

నీతి: ఎవరికైనా మేలు చెయ్యాలంటే ముందు వాళ్లనే అడగాలి, అడగకుండా నెత్తిన రుద్దే మేలును ఎంత పేదవాళ్లయినా తలెత్తి వద్దనాలి.